కారు లీజు మధ్యలో ఆపాలంటే: రద్దు చేయాలా, బదిలీ చేయాలా, కొనేయాలా?

లీజు కారు ఇక వద్దనుకున్న చాలామంది మొదట చేసే పని, కంపెనీకి ‘నా లీజు రద్దు చేయండి’ అని మెయిల్ పెట్టడం. నష్టం అక్కడే మొదలవుతుంది. ఆ మెయిల్ అందిన రోజు నుంచే నోటీసు గడువు నడుస్తుంది, రద్దు క్లాజు అమల్లోకి వస్తుంది, మీరు బేరమాడే వీలు తగ్గిపోతుంది. రద్దు అనే మాట రాయకముందే ఒకే తేదీకి మూడు లెక్కలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఈ తేదీకి ఆపేస్తే ఎంత కట్టాలి? ఈ తేదీకి కొంటే ఎంత? వేరొకరి పేరుకు మారిస్తే ఎంత? ఫోన్‌లో చెప్పిన అంకె లెక్కలోకి రాదు. మెయిల్‌లోనో, లెటర్‌హెడ్ మీదో రావాలి. ఆ కొటేషన్ ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా అందులో ఉండాలి.

తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. లీజు కంపెనీల ఆఫీసులు, యార్డులు ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉంటాయి. బండి తిరిగేది ఇక్కడైనా ప్లేటు తమిళనాడుదో కర్ణాటకదో అయి ఉంటుంది. అందుకే పెనాల్టీతో పాటు బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరైందన్నదీ ఇక్కడ లెక్కలోకి వస్తుంది. కొన్ని కేసుల్లో పెద్ద తేడా తెచ్చేది అదే.

ముందు మీది ఏ రకం లీజో తేల్చుకోండి

నంబరు ప్లేటు, ఆర్‌సీ చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండి కింద కంపెనీ పేరున రిజిస్టరైన కారు. నెలవారీ సబ్‌స్క్రిప్షన్ కార్లు కొన్ని ఇలాగే వస్తాయి. వీటిని వదిలేయడం తేలిక, కొనుక్కోవడం కష్టం.

తెల్ల ప్లేటు ఉండి, ఆర్‌సీలో యజమానిగా మీ పేరు, దాని కింద లీజు లేదా హైపోతికేషన్ (బండి తాకట్టులో ఉందని చెప్పే ఎంట్రీ) అని కంపెనీ పేరు ఉంటే వ్యవహారం తలకిందులవుతుంది. కొనడం తేలిక: కంపెనీ ఎన్‌వోసీతో పాటు ఫారం 35 మీద సంతకం చేసి ఇస్తే ఆర్‌సీలో ఆ ఎంట్రీ తీయించుకుంటే సరిపోతుంది. తిరిగి ఇచ్చేయాలంటే మాత్రం యాజమాన్య బదిలీ జరగాలి. బండి అప్పగించి, ఆర్‌సీ మీ పేరునే వదిలేశారంటే రేపు జరిగే ప్రమాదానికీ చలానాకీ మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.

తెల్ల ప్లేటే ఉండి, ఆర్‌సీలో లీజు కంపెనీ పేరో మీ ఉద్యోగ సంస్థ పేరో ఉంటే అది జీతంలోంచి కట్ అయ్యే కార్పొరేట్ లీజు. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు ఎక్కువగా ఉండేది ఈ రకమే. ఇందులో లీజుదారు మీ సంస్థ, మీరు వాడుకునేవాళ్లు. కాబట్టి మీరు నేరుగా లీజు కంపెనీకి రాసినా పని జరగదు, హెచ్‌ఆర్ ద్వారానే వెళ్లాలి.

ఒప్పందంలో ఏ పేజీలు చదవాలి

లాక్-ఇన్, అంటే లీజు వదలకూడని కాలం, ఎన్ని నెలలు అన్నది మొదటిది. ఆ గడువులో వదిలేస్తే మిగిలిన లాక్-ఇన్ అద్దె మొత్తం అడగడం మామూలే. లాక్-ఇన్ దాటాక ఫార్ములా మారుతుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతి పెడుతుంది: మిగిలిన అద్దెల్లో ఇంత శాతం, లేదా ఇన్ని నెలల అద్దె, లేదా మిగిలిన అసలు మీద ఇంత శాతం. రెండో పద్ధతిలో ఏడాది మారగానే పెనాల్టీ ఒక మెట్టు దిగుతుంది. రెండో ఏట ఆరు నెలల అద్దె, మూడో ఏట మూడు నెలల అద్దె అని ఉందనుకోండి. ఇరవై మూడో నెలలో ఆపడం దండగ. రెండు నెలలు ఓపిక పట్టి ఇరవై ఐదో నెలలో ఆపితే ఒక నెల అద్దె మిగులుతుంది, ఆ రెండు నెలలూ కారు మీ దగ్గరే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది జీఎస్టీ. ముందుగా ఆపినందుకు వసూలు చేసే మొత్తానికి పెనాల్టీ అని పేరు పెట్టినా దానిమీద జీఎస్టీ పడుతుంది. లీజును ముందుగా ముగించుకునే సౌకర్యానికి ఇచ్చే ప్రతిఫలంగానే దాన్ని చూడాలని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. లీజు అద్దె మీద వేసే రేటే దానికీ వర్తిస్తుంది. లీజు అద్దె రేటు ఆ కారు కొనుగోలు మీద ఉన్న రేటే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం. ఆ తేదీకి ముందు మొదలైన లీజైతే మీ తాజా బిల్లులో పాత రేటూ సెస్సూ ఇంకా కనిపిస్తున్నాయేమో చూసి, ఉంటే ముందు అది సరిచేయించండి. కంపెనీ ఇచ్చే రద్దు కొటేషన్‌లో ‘ట్యాక్స్ అదనం’ అని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉందంటే అసలు అంకె మీకింకా చెప్పలేదని అర్థం.

ఇవి కాక నోటీసు ఎన్ని రోజులు, ఏ చిరునామాకు పంపాలి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, బండి ఎక్కడ అప్పగించాలి. చెన్నై యార్డులో అప్పగించాలని ఉంటే తిరుపతి నుంచి తీసుకెళ్లడానికి వాళ్ల డ్రైవరు ఛార్జీ మీ ఖాతాలో పడుతుంది. దాదాపు నూట నలభై కిలోమీటర్ల దారి, మీరే తోలుకెళ్లి ఇవ్వడం చౌక. పైగా తనిఖీ మీ కళ్లముందే జరుగుతుంది.

ఒక లెక్క

ఉదాహరణకు 48 నెలల లీజు, చిన్న పెట్రోలు కారు, నెలకు జీఎస్టీ కాకుండా 18,000 రూపాయలు. 30 నెలలు అయిపోయాయి, 18 మిగిలాయి. రద్దు క్లాజు ప్రకారం మిగిలిన అద్దెల్లో 40 శాతం కట్టాలి.

మిగిలిన అద్దె 3,24,000. జీఎస్టీతో 3,82,320. ఇప్పుడే ఆపితే 40 శాతం అంటే 1,29,600, జీఎస్టీతో 1,52,928. జీఎస్టీతో కలిపి నెల అద్దె 21,240 కాబట్టి పెనాల్టీ ఏడు నెలల అద్దెకు కాస్త పైమాటే.

రెండు లక్షల ముప్పై వేల దాకా మిగిలిందని సంబరపడే ముందు ఇంకో భాగాహారం చేయండి. కొనసాగిస్తే అయ్యేదానికీ ఆపితే అయ్యేదానికీ తేడా 2,29,392. దాన్ని 18 నెలలకు పంచితే నెలకు 12,744. కారు లేకుండా మీ ప్రయాణాలు నెలకు 12,744 రూపాయల లోపు జరిగిపోతే రద్దు లాభం. సెకండ్ హ్యాండ్ కారు వాయిదా, దాని ఇన్సూరెన్సు, రిపేర్లు కలిపి అంతకంటే ఎక్కువయ్యేలా ఉంటే రద్దు నష్టం. లీజు అద్దెలో తరచూ ఇన్సూరెన్సు, సర్వీసింగు కలిసి ఉంటాయని చాలామంది మరిచిపోతారు.

ఇదే కారుకు కంపెనీ కొనుగోలు కొటేషన్ అన్నీ కలిపి 5,15,000 అనుకుందాం. బయట ఈ వయసు కారుకు 5,35,000 పలుకుతోంది. ఆర్‌సీ మీ పేరునే ఉండి, ఆంధ్రా రిజిస్ట్రేషనే అయితే కాగితాల ఖర్చుకు పదివేలు పోయినా మీకు పదివేలు మిగులుతుంది. రద్దు చేసుంటే లక్షన్నర చేతినుంచి పడేది. ఒకే కారు, ఒకే తేదీ. అయినా రెండు దారుల మధ్య తేడా లక్షా అరవై వేలు. అందుకే మూడు లెక్కలూ తెప్పించుకోమంటున్నాం.

కొనేయడం ఎప్పుడు మేలు, ఎక్కడ బెడిసికొడుతుంది

లీజు సగం దాటాక, మార్కెట్లో గిరాకీ ఉన్న మోడల్ అయితే, కొని అమ్మేయడమే రద్దు కంటే దాదాపు ఎప్పుడూ మేలు. మొదటి ఏడాదిలో ఇది పని చేయదు. కొత్త కారు విలువ అప్పుడే బాగా పడిపోతుంది, మీరు కట్టాల్సిన మొత్తం మాత్రం ఇంకా పెద్దగా తగ్గి ఉండదు.

బెడిసికొట్టేది పక్క రాష్ట్రం ప్లేటు దగ్గర. తమిళనాడు రిజిస్ట్రేషన్ కారు కొని ఇక్కడికి మార్చాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, యాజమాన్య బదిలీకి ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, దానిపైన ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్. చిన్న కారుకైనా ఈ పన్ను పదుల వేలల్లో ఉంటుంది. పై లెక్కలో మిగిలిన పదివేలు దీంట్లో కొట్టుకుపోయి చేతినుంచే వేయాల్సి వస్తుంది. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు గానీ ఆ డబ్బు చేతికి రావడానికి చాలాకాలం పడుతుంది, లెక్కలో వేసుకోకండి. అమ్మే ఉద్దేశమే ఉంటే బండిని ఇక్కడికి మార్చకుండా అదే రాష్ట్రంలో కొనేవాళ్లను చూసుకోండి. చెన్నైలో రిజిస్టరైన కారును చెన్నై వాళ్లకే అమ్మితే ఎన్‌వోసీ గొడవ లేదు, మన పన్ను లేదు.

నల్ల ప్లేటు కారుకు ఇంకో మెట్టు ఉంది. ట్రాన్స్‌పోర్టు తరగతి నుంచి సొంత వాడకం తరగతికి మార్పించాలి, పర్మిట్ సరెండర్ చేయించాలి. కంపెనీ ఆ పని పూర్తి చేసి ఇస్తానంటేనే కొనండి. ‘మీరే చూసుకోండి’ అంటే వదిలేయండి.

కొనకుండా వాడుకుంటున్నా ఒక విషయం గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. లీజు ఒప్పందాల్లో దానికయ్యే పన్ను, జరిమానా వాడుకునేవాళ్ల మీదే వేస్తారు. రెండేళ్లుగా తమిళనాడు ప్లేటుతో ఇక్కడే తిరుగుతున్న కారును ఇంకో ఏడాది పొడిగించాలనుకుంటే ఈ ఖర్చూ లెక్కలో పెట్టుకోండి.

బదిలీ

లాక్-ఇన్‌లో ఇరుక్కున్నవాళ్లకు మిగిలే మంచి దారి ఇదొక్కటే. కొత్త మనిషి మిగిలిన నెలల లీజు తన పేరున తీసుకుంటాడు, మీరు బదిలీ ఫీజు కట్టి బయటపడతారు. కంపెనీ ఒప్పుకోవాలి, వచ్చేవాళ్ల ఆదాయం, క్రెడిట్ స్కోరు కంపెనీకి నచ్చాలి. కొన్ని కంపెనీలు దీన్ని బ్రోచర్లో రాయవు గానీ అడిగితే చేస్తాయి.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. చుట్టాలబ్బాయికో స్నేహితుడికో కారిచ్చి ‘నెలనెలా నువ్వు కట్టుకో’ అని నోటిమాట మీద వదిలేస్తారు చూడండి, అది బదిలీ కాదు, ఒప్పందం ఉల్లంఘన. ఇన్సూరెన్సు క్లెయిం దగ్గర గొడవ, వాయిదా తప్పితే మీ స్కోరు పోతుంది, అతను ట్యాక్సీగా తిప్పితే ఇంకా పెద్ద తలనొప్పి. మీరు, కొత్త వ్యక్తి, కంపెనీ ముగ్గురూ సంతకాలు చేసిన బదిలీ ఒప్పందం చేతికి వచ్చేదాకా తాళాలు ఇవ్వకండి. ఆ ఒప్పందంలో బదిలీ తేదీ నాటి ఓడోమీటరు అంకె, అప్పటికున్న సొట్టలు రాయించండి. లేకపోతే చివర్లో అదనపు కిలోమీటర్ల ఛార్జీ ఎవరిదన్న పంచాయితీ వస్తుంది. ఆ తేదీ తర్వాత మీకు ఏ బాధ్యతా లేదన్న వాక్యం కూడా ఉండాలి. డిపాజిట్ మీకు తిరిగొస్తుందా, కొత్తవాళ్ల ఖాతాలోకి వెళ్తుందా అన్నదీ అందులోనే తేల్చుకోండి.

జీతంలోంచి కట్ అయ్యే లీజు

ఉద్యోగం మానే ఉద్దేశం లేకపోతే దీన్ని రద్దు చేసుకోకపోవడమే మంచిది. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో 31.2 శాతం పన్ను. అద్దె పన్నుకు ముందు జీతంలోంచి పోతుంది కాబట్టి 21,240 రూపాయల అద్దెకు చేతికొచ్చే జీతంలో తగ్గేది సుమారు 14,600 మాత్రమే. కారు సౌకర్యానికి పెర్క్విజిట్ (జీతంతో పాటు సంస్థ ఇచ్చే సౌకర్యం) కింద కొంత పన్ను పడుతుంది, అది కలిపినా బయట అద్దెకంటే తక్కువే. పెనాల్టీ మాత్రం పన్ను పోయాక మిగిలిన మీ సొంత డబ్బులోంచి కట్టాలి. అంటే పైన చేసిన లెక్కలో కొనసాగించడం వైపు తక్కెడ ఇంకా మొగ్గుతుంది.

ఉద్యోగం మారుతుంటే రాజీనామా లేఖ ఇవ్వకముందే లీజు పాలసీ తెప్పించి చదవండి. మూడు దారులుంటాయి. కొత్త సంస్థకు అదే లీజు కంపెనీతో ఒప్పందం ఉంటే లీజును అక్కడికి మార్చుకోవచ్చు. దీనికి రెండు హెచ్‌ఆర్‌ల సంతకాలు కావాలి, వారాలు పడుతుంది, నోటీస్ పీరియడ్ మొదటి వారంలోనే కదలాలి. కుదరకపోతే మీరే కొనుక్కోవచ్చు. ఏమీ చేయకుండా ఊరుకుంటే మూడోది దానంతటదే జరుగుతుంది: ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో రద్దు ఛార్జీ మొత్తం కోసేసుకుంటారు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు వస్తాయని ఎదురుచూస్తే చివరికి మీరే ఎదురు కట్టాలన్న కాగితం రావచ్చు. సంస్థే ఉద్యోగం తీసేస్తే పెనాల్టీలో కొంత మాఫీ చేసే కవర్ కొన్ని లీజుల్లో ఉంటుంది. దాన్ని అడిగి వాడుకోవాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

గడువు దాకా నడిపి అప్పగించడం

ఇంకా ఐదారు నెలలే మిగిలుంటే చాలా సందర్భాల్లో ఇదే సరైన ఎంపిక. ఇందులో రద్దు పెనాల్టీ ఉండదు. డబ్బు పోయేది కిలోమీటర్ల దగ్గర, తనిఖీ దగ్గర.

కిలోమీటర్ల సంగతి ముందు. ఏడాదికి 15,000 అని రాసి ఉంటే అది ఏ ఏడాదికాయేడా, మొత్తం లీజుకు కలిపా అన్నది చూడాలి. వారానికొకసారి తిరుపతి నుంచి చెన్నై వెళ్లొచ్చేవాళ్లకు ఆ ఒక్క ప్రయాణమే ఏడాదికి 14,500 కిలోమీటర్లు దాటుతుంది, ఊళ్లో తిరిగేదంతా అదనమే. ఇక్కడ ఒక మెలిక ఉంది. 48 నెలలకు 60,000 కిలోమీటర్ల లీజును 30వ నెలలో ఆపితే పరిమితిని కూడా కోసి 37,500 అంటారు. అప్పటికి మీ ఓడోమీటరు 46,000 చూపిస్తే 8,500 అదనం. కిలోమీటరుకు 6 రూపాయలనుకుంటే 51,000, పైన జీఎస్టీ. రద్దు కొటేషన్‌లో ఈ లైను ఉండదు, తనిఖీ అయ్యాక వస్తుంది. అదే కారును గడువు దాకా ఉంచుకుని మిగిలిన 18 నెలల్లో నెలకు 775 కిలోమీటర్ల లోపు నడిపితే ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఎక్కువ నడపక తప్పదనుకుంటే గడువు మధ్యలోనే అదనపు కిలోమీటర్ల ప్యాకేజీ అడగండి. చివర్లో వేసే రేటు కంటే తక్కువకే దొరుకుతుంది.

ఇక తనిఖీ. అప్పగించే తేదీకి ఆరు వారాల ముందే కారు కడిగించి ఎండలో నిలబెట్టి చుట్టూ తిరిగి చూడండి. గోరు ఆనించి చూస్తే తగలని గీత రబ్బింగ్ పాలిష్‌తో పోతుంది, గోరు పట్టిన గీతకు పెయింటు కావాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు డబ్బు వేయకూడదని ఒప్పందాల్లోనే ఉంటుంది. అరుగుదల ఏది, డ్యామేజీ ఏది అన్నది ఒక అనుబంధంలో కొలతలతో రాసి ఉంటుంది. అది మీ దగ్గర లేకపోతే అడిగి తెప్పించుకోండి. ఇన్‌స్పెక్టరు దాన్ని పట్టుకునే వస్తాడు.

మన ఊళ్లలో ప్రత్యేకంగా పట్టుబడేవి కొన్ని ఉన్నాయి. వెనక అద్దం మీద అతికించిన నామాలు, గోవింద నామం స్టిక్కర్లు మొదటివి. లోపలివైపు అతికించి ఉంటే వాటి కిందే డీఫాగర్ (అద్దం మీది ఆవిరి పోగొట్టే వేడి తీగలు) సన్నగీతలుంటాయి. బ్లేడుతో గీకితే ఆ గీత తెగిపోతుంది, అద్దం మొత్తం మార్చాలంటారు. హెయిర్ డ్రయ్యర్‌తో బాగా వేడిచేసి, ఒక మూల గోటితో లేపి, డీఫాగర్ గీతల వెంబడి అడ్డంగా మెల్లగా లాగాలి. మిగిలిన జిగురును మెత్తటి గుడ్డతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు. కాణిపాకంలోనో తిరుచానూరులోనో పూజ చేయించినప్పుడు పడిన పసుపు మరక నాలుగు రోజులు ఎండ తగిలితే వెలిసిపోతుంది, నూనెలో కలిపిన కుంకుమ మాత్రం పెయింటును పట్టుకుంటుంది, పాలిష్ కావాలి. డ్యాష్‌బోర్డు మీద డబుల్ టేపుతో అంటించిన దేవుడి విగ్రహాన్ని లాగేయకండి, పై పొర ఊడొస్తుంది. దారాన్ని టేపు కిందుగా పోనిచ్చి కోయాలి. కొండమీద పార్కింగులో కోతుల వల్ల వైపరు రబ్బర్లు, యాంటెన్నా పోయుంటే ఇప్పుడే మార్పించండి. అవి కొనేది వందల్లో, డ్యామేజీ బిల్లులో వేసేది వేలల్లో.

ఘాట్ రోడ్డు ఎక్కువగా ఎక్కిదిగిన కారులో బ్రేక్ ప్యాడ్లు, క్లచ్చి ముందే అరుగుతాయి. సర్వీసింగు లీజులో కలిసి ఉంటే చివరి సర్వీసులోనే ఇవి రాయించి మార్పించుకోవాలి. అప్పగించే రోజు క్లచ్చి జారుతుంటే ‘సరిగా నడపకపోవడం వల్ల’ అని రాస్తారు. టైర్ల గాడి లోతు చట్టప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, లీజు ఒప్పందంలో అంతకంటే ఎక్కువ అడగొచ్చు. గాడిలో అడ్డంగా కనిపించే చిన్న మెట్టుతో సమానంగా టైరు అరిగిందంటే మార్చే సమయం దాటినట్టే. నాలుగూ ఒకే సైజు, ఒప్పందంలో ఉన్న స్థాయి టైర్లై ఉండాలి.

రెండో తాళం, స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, హెచ్చరిక త్రికోణం, మాన్యువల్, సర్వీసు రికార్డు ఒకచోట పెట్టుకోండి. తాళం పోయి ఉంటే కోడింగు చేసిన కొత్తది రావడానికి రోజులు పడుతుంది, ముందే ఆర్డరివ్వాలి. బయట పెట్టించిన స్టీరియో, సీట్ కవర్లు, లైట్లు తీసేసి పాతవి బిగించండి. అవి ఉంచినా ఎవరూ డబ్బివ్వరు, వైర్లు కోసి ఉంటే మాత్రం ఛార్జీ వేస్తారు.

సొట్టల విషయంలో మూడు దారులు పోల్చాలి: ఇన్సూరెన్సు క్లెయిం, సొంతంగా టింకరింగ్, అలాగే అప్పగించడం. క్లెయింలో 1500 సీసీ లోపు కారుకు 1,000, పైబడితే 2,000 రూపాయలు తప్పనిసరిగా మీరు భరించాలి. వేర్వేరు రోజుల్లో తగిలిన దెబ్బలకు వేర్వేరు క్లెయింలు వేయాలి, ప్రతిదానికీ ఆ మొత్తం విడిగా పోతుంది. రెండు డోర్లూ ఒకే ప్రమాదంలో పోతే క్లెయిం మేలు. ఒక్క బంపరు గీతకైతే సొంతంగా వేయించడం మేలు. కానీ సొంతంగా అంటే రంగు తేడా కనిపించని పని కావాలి, పాలసీ ఒప్పుకునే వర్క్‌షాపు బిల్లు కావాలి. చౌకగా వేయించిన పెయింటును ఇన్‌స్పెక్టరు పెయింటు మందం కొలిచే పరికరంతో పట్టేస్తాడు, అప్పుడు రెండుసార్లు కట్టినట్టవుతుంది.

కొత్త కారు రావడం ఆలస్యమైనవాళ్లు మూడు నెలలో ఆరు నెలలో పొడిగింపు అడగొచ్చు. పాత కారు విలువ తగ్గింది కాబట్టి అద్దె తగ్గించమని అడగడం న్యాయమే, అడగనివాళ్లకు పాత రేటే వేస్తారు.

అప్పగించే రోజు, ఆ తర్వాత

పగటి వెలుతురులో, కడిగిన కారుతో, మీరు పక్కనుండగా తనిఖీ జరగాలి. ఓడోమీటరు, పెట్రోలు ముల్లు, నాలుగు వైపులు, నాలుగు టైర్లు, సీట్లు, డిక్కీ అన్నీ ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. అప్పగింత కాగితంలో తేదీతో పాటు గంట, నిమిషం రాయించండి. ఆ నిమిషం తర్వాత వచ్చే చలానా మీది కాదని చెప్పడానికి అదొక్కటే ఆధారం. డ్యామేజీ జాబితాలో ఒప్పుకోని వాటి పక్కన ‘అంగీకరించడం లేదు’ అని రాసి సంతకం చేయండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి, వివరాలు ఆఫీసులో నింపుతామన్నా సరే.

చలానాలు ముందే చూసుకోవాలి. చిత్తూరు వాళ్లు వేలూరుకో ముళబాగిలుకో తరచూ వెళ్తుంటారు, మూడు రాష్ట్రాల కెమెరాలూ పట్టుంటాయి. పరివాహన్ ఈ-చలాన్ సైటులోనూ, రాష్ట్రాల పోలీసు సైట్లలోనూ వెతికి కట్టేయండి. కంపెనీ పేరున వచ్చిన చలానా వాళ్లు కడితే దానిమీద సర్వీసు ఛార్జీ కూడా వేస్తారు. ఫాస్టాగ్ మీ పేరున ఉంటే ఇచ్చిన బ్యాంకులో మూయించండి. అద్దం మీంచి పీకేస్తే సరిపోదు. లేకపోతే కారు యార్డుకు వెళ్లే దారిలో కట్టే టోలు దగ్గర్నుంచి మీ ఖాతాలోంచే పోతుంది. కారులో జతచేసిన ఫోన్లు, కారు యాప్‌లోని మీ ఖాతా కూడా తీసేయండి.

బ్యాంకులో ఆటో డెబిట్‌ను తుది లెక్క తేలకముందే ఆపేయడం పెద్ద పొరపాటు. ఒక్క వాయిదా బౌన్స్ అయినా అది ఉల్లంఘన కింద లెక్క, అప్పుడు రద్దు మీరడిగినట్టు కాకుండా కంపెనీ చేసినట్టవుతుంది, ఛార్జీలు మారిపోతాయి. తుది బిల్లు కట్టి, బాకీ లేదన్న లేఖ చేతికొచ్చాక ఆటో డెబిట్ మాండేట్ రద్దు చేయించి, చెక్కులిచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు చూడండి. లీజు అందులో ఉండి, ఇంకా తెరిచే కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

బిల్లు అన్యాయంగా ఉంటే

ముందు లెక్క అడగండి: ఏ క్లాజు, ఏ శాతం, ఏ మొత్తం మీద, డ్యామేజీకి ఏ వర్క్‌షాపు ఎస్టిమేటు. ఈ నాలుగూ అడిగితేనే చాలా బిల్లులు తగ్గుతాయి. భారత ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు ఒప్పందంలో ఒక మొత్తం రాసి ఉన్నా, దానికి మించకుండా సహేతుకమైన పరిహారమే ఇప్పించాలి. కంపెనీ మీ కారును మర్నాడే ఇంకొకరికి లీజుకిచ్చి ఉంటే వాళ్లకు జరిగిన నష్టం ఎంత అన్న ప్రశ్న వేయడానికి ఇదే ఆధారం.

లీజిచ్చింది రిజర్వు బ్యాంకు పరిధిలోని ఫైనాన్స్ కంపెనీ అయితే, ముందు వాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సమాచారానికి 14448. మామూలు లీజు కంపెనీ అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915తో మొదలుపెట్టండి, కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి.

తేలకపోతే వినియోగదారుల కమిషన్. ‘వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే’ అన్న వాక్యం చూసి బెదిరిపోకండి. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఈ దారి మూసుకుపోదు. మీరు చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల లోపుంటే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. సేవాలోపం, తప్పుడు బిల్లు లాంటివి జిల్లా కమిషన్ చూస్తుంది. ఒప్పందంలోని షరతే అన్యాయమైందని కొట్టేయించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ట్రావెల్స్ వ్యాపారానికి తీసుకున్న కార్లకు ఈ చట్టం సాధారణంగా వర్తించదు. సొంత జీవనోపాధి కోసం ఒక్క కారు తీసుకుని తానే నడుపుకునే డ్రైవరుకు మాత్రం వర్తిస్తుంది. ఫిర్యాదుకు జతచేయాల్సినవి లీజు ఒప్పందం, మూడు కొటేషన్లు, అప్పగింత కాగితం, వీడియో, తుది బిల్లు, మీరు పెట్టిన మెయిళ్లు.